ముల్లు లేచేదాకా

పదకొండున్నరకి బందరు నుంచి ఫోను వచ్చింది. ఆయన కూతురు. "నాన్న పొద్దున పోయారక్కా. మధ్యాహ్నం నమాజుకి తీసుకెళ్ళిపోతారు. ముఖం చూడాలంటే ఒకటిన్నరకల్లా వచ్చెయ్" అంది. ఏడవలేదు. ఆ ఇంట్లో ఎవరూ తొందరగా ఏడవరు.

ఆదివారం కాబట్టి బడి లేదు. వరండాలో మా మావయ్య గారు, అంటే నా భర్త తండ్రి, పేపరు చదువుకుంటున్నారు. నాకు కారు నేర్పినాయన పోయారని చెప్పాను. ఆయన పేపరు దించలేదు.

"ఎవరు, నూనె సాయిబా? పాము కరిచి నేను వెనక సీట్లో పోతా ఉంటే బండాపి నూనె పోసుకున్నాడే, ఆయనేనా? పోన్లే పాపం."

ఆ "పోన్లే పాపం" దగ్గర నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా మా ఇంట్లో ఈ మాట వింటున్నాను. పెళ్ళికి వెళ్తే చెప్తారు, ఎవరైనా పలకరించడానికి వస్తే చెప్తారు, రోడ్డు మీద తెల్లకారు కనిపిస్తే చెప్తారు. చెప్పినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒక గిన్నె తోముతాను. ఈ ఆదివారం వెళ్ళలేదు. అక్కడే నిలబడి ఏమన్నానో చివర్లో చెప్తాను. ముందు ఆయనెలాంటి మనిషో చెప్పకపోతే నేనన్న మాట తిక్కమాటలా వినిపిస్తుంది.

పేరు రాయను. ఆ పేరు పక్కన పడేసి నూనె సాయిబని తగిలించి అవనిగడ్డ నుంచి నాగాయలంక దాకా అందరూ వాడుకున్నారు. ఇక చాలు. నేను బాబాయి అని పిలిచేదాన్ని, ఇక్కడా అదే ఉంటుంది.

బాబాయి బందరు మనిషి. ముప్పై ఏళ్ళు లారీలు తోలి, తర్వాత కూతురు కాపురముండే అవనిగడ్డకి వచ్చి, బస్టాండు పక్కన కార్ల స్టాండులో కూర్చునేవాడు. పొట్టి మనిషి. ఎప్పుడూ తెల్లచొక్కా. ఇంజన్లో చేతులు మోచేతుల దాకా పెట్టేవాడు, చొక్కాకి మచ్చ ఉండేది కాదు. ఎలాగని అడిగితే, "మచ్చపడే చొక్కా ఏసుకుంటే చెయ్యి జాగ్రత్తగా ఉంటది అమ్మాయ్. ఖాకీ ఏసుకున్నోడికి భయముండదు" అనేవాడు. జేబులో ఎప్పుడూ ఒక గుడ్డముక్క. పెడనలో అచ్చు పక్కకి జరిగి పనికిరాకుండా పోయిన కలంకారీ ముక్కలు తెచ్చుకునేవాడు. ఒకవైపు నెమళ్ళూ పువ్వులూ, అంచుకు మాత్రం ఖాళీ తెలుపు. పువ్వుల వైపు చేతులు తుడుచుకునేవాడు, తెలుపు వైపు ఇంజన్లో నూనె కొలిచే పుల్ల తుడిచేవాడు. నూనె రంగు తెలియాలంటే తెలుపు కావాలి కదా.

నేనాయన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కారణం చిన్నది. మా ఊరి నుంచి నేను ఫిజిక్సు చెప్పే బడికి పద్దెనిమిది కిలోమీటర్లు. బడి ఉన్నప్పుడు బస్సుండదు, బస్సున్నప్పుడు బడి ఉండదు. మా ఆయన ఉద్యోగం గుడివాడలో, వారానికోసారి వచ్చేవారు. నా జీతంతో నేను ఒక పాత డీజిల్ కారు కొన్నాను. మావయ్య గారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఆడవాళ్ళు తోలే బండిలో నేనెక్కను, ముందే చెప్తున్నా" అన్నారు. నేర్పేవాళ్ళ కోసం స్టాండుకి వెళ్ళి అడిగితే ఒకరు మీ వారిని పంపండి అన్నారు, ఇంకొకరు నవ్వారు. బాబాయి మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, పిల్లకి జ్వరం చూసినట్టు కాసేపు ఉంచి, "బండి ఎక్కడిదమ్మా?" అన్నాడు. నన్నేమీ అడగలేదు.

వారం రోజులు స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. బానెట్ ఎత్తి చూపిస్తూనే ఉన్నాడు. "ఇంజన్లో ఇనుము మీద ఇనుము తిరుగుద్ది అనుకుంటారు. తిరగదు. నూనె మీద తిరుగుద్ది. నూనె పొర తెగిందనుకో, అప్పుడు ఇనుమూ ఇనుమూ కలుసుకుంటయ్. ఇక వాటిని విడదియ్యటం ఎవరి వల్లా కాదు."

"నూనె నిండా ఉంటే తెగదుగా బాబాయి?" అన్నాను. ద్రవపీడనం బోర్డు మీద గీసి మార్కులు వేసే టీచర్ని, ఆ మాట అన్నాను.

ఆయన నవ్వి రోడ్డు పక్క కాలవ చూపించాడు. "ఇందులో నీళ్ళున్నయ్యా?"

"ఉన్నాయి."

"మీ మావయ్య గారి పొలం ఎక్కడ?"

"శివార్లో."

"అక్కడికి అందుతున్నయ్యా?"

కాలవలో నీళ్ళు నిండుగా పారుతున్నా చిట్టచివరి చేలకి తడి అందక, మా మావయ్య గారు ప్రతి ఏడూ లాకుల దగ్గరికెళ్ళి గొడవపడి వచ్చేవారు. దివిసీమలో పుట్టిన ఎవరికీ ఇది వివరించి చెప్పక్కర్లేదు.

"అదీ సంగతి" అన్నాడు బాబాయి. "నూనె ఉండటం వేరు, అందటం వేరు. ఇంజన్‌కి కింద నూనె తొట్టి ఉంటది. పైన తిరిగే ముక్కలన్నీ శివారు భూములు. కింద నుంచి పంపు తోస్తే అక్కడిదాకా ఎక్కాలి. ఆ తోపుడే ప్రెషరు. పుల్ల తీసి చూస్తే ఉన్నదీ లేనిదీ తెలుస్తది. అందిందీ అందందీ మీటరే చెప్పాలి."

నా బండికి మీటరు లేదు, ఎర్రదీపం మాత్రమే ఉంది. ఆయనకి ఆ దీపమంటే గిట్టదు. "అబద్ధమాడదు. కానీ నిజం ఆలస్యంగా చెప్తది. అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోద్ది." ఎక్కడో విప్పేసిన లారీ నుంచి ఒక గుండ్రటి మీటరు తెచ్చి, స్టీరింగ్ కింద రెండు స్క్రూలతో బిగించాడు. తాళం తిప్పి, బిస్మిల్లా అనుకుని, ముల్లు లేచి నిలబడేదాకా బండి కదిలించేవాడు కాదు. నేనూ అలాగే నేర్చుకున్నాను. నేను బిస్మిల్లా అనను, మూడు లెక్కపెడతాను. ఆ మూడు అంకెల మీద ఆయన ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

ఇలా చెప్తే బాబాయి బండిని అపురూపంగా దాచుకునే రకం అనుకుంటారు. కాదు. వేగమంటే ప్రాణం. "బండి ఉన్నది పరిగెత్తటానికే. దాచుకోటానికి అదేమన్నా బంగారమా. తొక్కు. కానీ తొక్కే ముందు నూనె చూడు, తొక్కేటప్పుడు ముల్లు చూడు, తొక్కినాక ఒక్క రెండు నిమిషాలు ఊపిరి తీసుకోనియ్" అనేవాడు. దూరం నుంచి పరిగెత్తించుకొచ్చిన బండిని వెంటనే ఆపేవాడు కాదు. పక్కన పెట్టి ఇంజన్ అలాగే మెల్లగా తిరగనిచ్చి, తను దిగి నిలబడి, ఆ తర్వాత తాళం తిప్పేవాడు. స్టాండులో ప్రాణం మీదికొచ్చిన కేసు ఏదొచ్చినా ముందు ఆయన్నే పిలిచేవారు. కాన్పులు, గుండెనొప్పులు, పురుగుమందు తాగినవాళ్ళు. బందరు పెద్దాసుపత్రికి ఎవరి కంటే ఎన్ని నిమిషాల ముందు చేర్చాడో ఆయన చెప్పేవాడు కాదు, మిగతా డ్రైవర్లు చెప్పేవారు. ఆ పిలుపే ఆయన గర్వం. అది ఉండబట్టే తెల్లచొక్కా అంత తెల్లగా ఉండేదని నా నమ్మకం.

ఇక ఆ రోజు సంగతి.

మినుము తీసే రోజులు. పొద్దున పదింటికి చేలో మావయ్య గారిని పాము కరిచింది. మా మరిది బైకు మీద కూర్చోబెట్టుకుని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వెనకాలే నేను కారు తోలుకుంటూ వెళ్ళాను. లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలు, మెల్లగానే వెళ్ళాను. అక్కడ సూది మందు మొదలుపెట్టి, ఊపిరి మీద అనుమానంగా ఉంది, బందరు తీసుకెళ్ళండి అన్నారు. అంబులెన్సు వచ్చేదాకా ఆగే ఓపిక మాకెవరికీ లేదు. స్టాండు రోడ్డుకి అవతలే. నేను కేకేయకముందే బాబాయి వచ్చేశాడు. మావయ్య గారిని వెనక సీట్లో మరిది ఒళ్ళో పడుకోబెట్టి, నా చేతిలో తాళం తీసుకున్నాడు.

"నూనె చూశావా అమ్మాయ్?"

"పొద్దునే చూశా బాబాయి. పైగీత దాకా ఉంది."

మామూలుగా ఆయన ఎవరి మాటా నమ్మడు. సొంత కొడుకు చెప్పినా పుల్ల తీసి చూస్తాడు. ఆ రోజు నన్ను నమ్మాడు.

ఊరు దాటి కట్ట ఎక్కాక ఆయన తోలిన తీరు నేను మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు. మలుపు మలుపుకీ బండి ఒక పక్కకి ఒరిగేది, కానీ లోపలి మనిషి కదిలేవాడు కాదు. రెండో మలుపులో మీటరు ముల్లు పడుకుని లేచింది. నేను చూశాను. ఆయనా చూశాడు. మూడో మలుపు మెల్లగా తిప్పాడు. అయినా ముల్లు పడింది, ఈసారి ఎర్రదీపం రెప్ప కొట్టింది. ముందు పులిగడ్డ వారధి కనిపిస్తోంది. వారధికి ఇవతల రోడ్డు చదునుగా ఉన్నచోట ఆయన బండి ఆపి తాళం తిప్పేశాడు.

ఇంజన్ ఆగాక వెనక సీట్లో మావయ్య గారి మూలుగు ఒక్కటే వినిపించింది.

"ఏంటి, ఎందుకాపావ్?" అన్నాడు మరిది.

"నూనె అందట్లేదండి. ఒక్క నాలుగు నిమిషాలు." అప్పటికే బానెట్ ఎత్తాడు.

"నూనేంట్రా. మనిషి పోతున్నాడిక్కడ." మరిది దిగొచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు. తన తండ్రి వయసు మనిషి కాలరు.

బాబాయి విడిపించుకోలేదు. డిక్కీలో ఎప్పుడూ ఉండే నూనె డబ్బా అప్పటికే చేతిలో ఉంది. "కొట్టాలనుకుంటే బందరులో కొట్టండి బాబూ, నిలబడతాను. ఇప్పుడీ డబ్బా మూత తియ్యండి. వారధి మీద ఇంజన్ పట్టేసిందంటే ఆ ఇరుకులో వెనకనుంచి ఇంకో బండి కూడా రావటానికుండదు. అక్కడ ఆగినోడు అక్కడే."

మరిది మూత తీశాడు. తిడుతూనే తీశాడు. మసిలే ఇంజన్ మీద పువ్వుల గుడ్డ వేసి, నూనె పోసే చోట బిళ్ళ తిప్పి, బాబాయి తొణక్కుండా పోస్తూ నన్ను చూడకుండా మెల్లగా అడిగాడు. "పొద్దున ఎక్కడ పెట్టి చూశావ్?"

"ఇంటి ముందు."

"కట్ట వాలులోనా?"

అప్పుడు అర్థమైంది నాకు. మా సీమ అంతా కంచంలా చదును. వాలంటూ ఉన్నది ఒక్క కాలవ కట్టకే. రోడ్డు ఇరుకు కాబట్టి మేమందరం బండ్లు తీసుకెళ్ళి ఆ ఒక్క వాలు మీదే, రెండు చక్రాలు పైకీ రెండు కిందికీ పెడతాం. బండి ఒరిగితే తొట్టిలో నూనె, పుల్ల ఉన్న వైపుకి చేరుతుంది. పుల్ల తీస్తే పైగీత దాకా తడి. లోపల సగం లేదు. పాత ఇంజను నెల నెలా నూనె తాగుతుంటే, నేను ఎన్ని వారాలుగానో ఆ వాలు మీదే కొలిచి, నిండుగా ఉందని సంతోషపడుతున్నాను. మెల్లగా తోలినంతకాలం ఎలాగో అందింది. మలుపుల్లో వేగంగా తిప్పేసరికి ఆ మిగిలిన సగం కూడా పక్కకి చేరి, పంపు గాలి పీల్చింది.

నేను నోరు తెరిచాను. నేనే, అనబోయాను.

"ఏమంటందామె?" అన్నాడు మరిది.

"ఏం లేదండి" అన్నాడు బాబాయి. "బయల్దేరేటప్పుడు నేనే చూసుకోలేదు. తప్పు నాదే. ఎక్కండి."

ముల్లు లేచింది. వారధి దాటాం, మోపిదేవి దాటాం, చల్లపల్లి దాటాం. ఆ నాలుగు నిమిషాలూ ఆయన రోడ్డు మీదే తిరిగి సంపాదించేశాడు. బందరు ఆసుపత్రిలో స్ట్రెచరు మీద మావయ్య గారిని లోపలికి తీసుకెళ్ళాక, బాబాయి బండిని గోడ పక్కన పెట్టి ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. ఎప్పటిలాగే, రెండు నిమిషాలు. మరిది బయటికొచ్చి అది చూశాడు. "ఇంకా బండి గోలే" అన్నాడు. ఆ మాట ఆ సాయంత్రానికి ఊరు చేరింది.

మావయ్య గారు బతికారు. సమయానికి తెచ్చారన్నారు డాక్టరు గారు. మా ఇంట్లో దాన్ని ఇలా పంచుకున్నారు: సమయానికి తెచ్చింది దేవుడు, మధ్యలో ఆపింది సాయిబు.

నెల తిరిగేసరికి నూనె సాయిబు అనే పేరు స్థిరపడింది. పేషెంటుని రోడ్డు మీద పెట్టి బండి చూసుకునే మనిషి. స్టాండులో ఎమర్జెన్సీ కేసు వస్తే పక్కవాళ్ళని పిలవటం మొదలైంది. ఆయన కుర్చీలో అలాగే తెల్లచొక్కాతో కూర్చుని ఉండేవాడు, ఆయన్ని దాటుకుని వెళ్ళి వేరే డ్రైవరుని లేపేవారు. నేను కళ్ళారా చూశాను. చూసి ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఇంట్లో చెప్పేస్తాను బాబాయి. నూనె తప్పుగా చూసింది నేనని. మీరెందుకు మొయ్యాలి?"

"చెప్తే ఏమవుద్ది?"

"నిజం తెలుస్తుంది."

"నిజం తెలుస్తది, తాళం లాక్కుంటారు. ఆడది బండి తోలితే ఇంతేనని నీ ఒక్కదాన్నే కాదు, ఈ చుట్టుపక్కల ఇంకెవరినీ తోలనియ్యరు. నన్ను తిట్టినా నా లైసెన్సు నా జేబులోనే ఉంటది. నీది ఉంటదా? ఈ ఏడు వద్దు. చెయ్యి కుదిరాక, నీ బండి నీదేనని ఆళ్ళకి అలవాటయ్యాక చెప్పు. అప్పుడెవరూ ఏం చెయ్యలేరు."

"అప్పటిదాకా మిమ్మల్ని అంటూనే ఉంటారుగా."

"అననియ్. నేను ఆపింది తప్పయితే కదా నాకు బాధ. మళ్ళీ అదే మలుపు, అదే ముల్లు వస్తే మళ్ళీ ఆపుతా. మీ మావయ్య కాదు, మా నాన్న వెనకున్నా ఆపుతా."

ఆ ఏడు వద్దన్నాడు. మిగతా పదేళ్ళూ నావి. ఇందులో ఇంకెవరికీ భాగం లేదు. రేపు చెబుదాం, పండగ అయ్యాక చెబుదాం, ఆడపడుచు పెళ్ళి అయ్యాక చెబుదాం. మా బడి దారిలో ఇప్పుడు కార్లు తోలే టీచర్లు నలుగురున్నారు, అందరికీ నేనే నేర్పాను. తాళం లాక్కునేవాళ్ళు ఎప్పుడో లేకుండా పోయారు. అయినా చెప్పలేదు. పిరికితనానికి అలవాటు పడితే అది కూడా సౌకర్యంగానే ఉంటుంది.

బాబాయి రెండేళ్ళ తర్వాత అవనిగడ్డ వదిలేసి బందరు వెళ్ళిపోయాడు. కోనేరు సెంటరుకి కొంచెం ఇవతల ఒక రేకుల షెడ్డు. ఇంజను నూనె మార్చటం, అంతే పని. స్టాండులో వెక్కిరింతగా పెట్టిన పేరుని ఆయనే బోర్డు మీద రాయించాడు, ఎర్ర అక్షరాలతో: నూనె సాయిబు. అది చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం, "ఊరూరా ప్రచారం చేసి పెట్టారు, వాడుకోకపోతే ఎట్టా" అన్నాడు.

అక్కడొకసారి నా కళ్ళముందు జరిగింది. గుడివాడ వైపు మిల్లు యజమాని, కుర్రాయన, పెద్ద కొత్త బండేసుకుని వచ్చాడు. పామర్రు నుంచి బందరు దాకా ఎంత వేగంతో వచ్చాడో మాకందరికీ చెప్పాడు. వచ్చిన పని, మామూలు నూనె తీసేసి బాగా చిక్కటిది పొయ్యాలి. చిక్కటి నూనె పోస్తే మీటర్లో ప్రెషరు ఎక్కువ చూపిస్తుందని ఎవరో చెప్పారట.

"చూపిస్తదండి" అన్నాడు బాబాయి.

"మరి పొయ్యండి."

"బీపీ ఎక్కువ చూపిస్తే ఆరోగ్యం బాగున్నట్టా అండీ?"

కుర్రాయన మొహం మాడింది. "మీకు చెప్పింది చెయ్యండి, సలహాలొద్దు."

"ముల్లు పైన నిలబడతది, నూనె మాత్రం సందుల్లోకి దూరదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి తొక్కారంటే పైన ముక్కలు ఎండిపోతయ్. మీ బండి పుస్తకంలో ఏ నూనె రాశారో అదే పోస్తా. లేదంటే రోడ్డవతల ఇంకో షాపుంది, వాళ్ళు మీరు చెప్పిందే పోస్తారు." చెప్పేసి పువ్వుల గుడ్డతో చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. ఆ రోజు షెడ్డులో వేరే బేరం లేదు. కుర్రాయన తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు. బండి కదిలిన శబ్దానికి బాబాయి మొహం చిట్లించాడు, తనకి దెబ్బ తగిలినట్టు. "చూడు, నూనె పైకి ఎక్కనే లేదు, అప్పుడే తొక్కేశాడు" అన్నాడు. అంతకు మించి ఆ మనిషి గురించి ఏమీ అనలేదు.

నూనె మార్పించుకోవటానికి వెళ్ళినప్పుడల్లా నాకు టీ తెప్పించేవాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు. వెళ్ళేటప్పుడు పువ్వుల గుడ్డముక్క ఒకటి ఇచ్చేవాడు. ఇంట్లో చెప్పావా అని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే సిగ్గుతోనైనా చెప్పేదాన్ని. అది తెలిసే అడగలేదేమో.

ఇప్పుడు ఆదివారం దగ్గరికి వస్తాను. పోన్లే పాపం అన్నారు కదా మావయ్య గారు. నేను వంటింట్లోకి వెళ్ళలేదన్నాను కదా.

"మావయ్య గారూ, ఒక్కసారి పేపరు దించండి" అన్నాను. దించారు. "ఆ రోజు నూనె తప్పుగా చూసింది నేను. మన ఇంటి ముందు వాలు మీద పెట్టి కొలిచి, నిండుగా ఉందని ఆయనకి చెప్పింది నేను. నన్ను నమ్మి బయల్దేరాడు. ఆపకపోతే వారధి మీద ఇంజన్ పట్టేసేది, మీరు ఈ కుర్చీలో ఉండేవారు కాదు. తప్పు తన మీద వేసుకున్నాడు, మీరు నా దగ్గర బండి లాక్కుంటారని. ఇక ఆయన్ని ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అనటానికి వీల్లేదు. అనాలంటే నన్ననండి."

పేపరు మడిచారు, మళ్ళీ మడిచారు.

"పదకొండేళ్ళు ఊరూరా నాచేత ఆ మాట చెప్పించావ్."

"చెప్పించానండి."

"తెలిసుండీ."

"తెలిసుండే."

చెయ్యి చాపారు. "తాళం ఇటివ్వు."

ఎనభైకి దగ్గరపడ్డ చెయ్యి. కానీ మాట పాతదే. బాబాయి పదకొండేళ్ళ కిందట ఏం జరుగుతుందన్నాడో అక్షరం పొల్లుపోకుండా అదే జరిగింది. నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది కూడా.

"ఇవ్వనండి" అన్నాను.

చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. టైము పన్నెండు కావస్తోంది. బందరు గంటంబావు ప్రయాణం, ఇప్పుడే తొక్కితే ముఖం చూడగలను. బండి కట్ట వాలు మీద ఒరిగి ఉంది. స్టార్టు చేసి, ముల్లు లేచేదాకా ఆగి, మెల్లగా తీసుకెళ్ళి రోడ్డు చదునుగా ఉన్న చోట పెట్టి ఆపాను. నూనె అంతా కిందికి దిగాలి, కనీసం పది నిమిషాలు. ఆ వారం చూడలేదు. చూడకుండా బయల్దేరి ఆయన గుమ్మం తొక్కే ముఖం నాకు లేదు. బానెట్ ఎత్తి, పువ్వుల గుడ్డ చేతిలో పట్టుకుని, ఎండలో నిలబడ్డాను. ఏడుపు అప్పుడొచ్చింది.

వెనక చెప్పుల చప్పుడైంది. మావయ్య గారు. ఉతికిన పంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని ఉన్నారు. నేను తోలే బండిలో ఎక్కనన్న మనిషి, ఇన్నేళ్ళూ ఆ మాట మీదే నిలబడి బస్సుల్లో తిరిగిన మనిషి, ముందు తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నారు. నా వైపు చూడలేదు.

కాసేపటికి అద్దం దించి తల బయటికి పెట్టి అడిగారు.

"టైమవుతోంది. ఇంకా దేనికి?"

"నూనె కిందికి దిగాలండి. ఇంకో ఎనిమిది నిమిషాలు. దిగకుండా చూస్తే తప్పు చూపిస్తుంది."

స్టీరింగ్ కింద రెండు స్క్రూల మీద ఉన్న మీటరు వైపు చూశారు. తర్వాత కండువా తీసి ముఖం తుడుచుకుని వెనక్కి ఆనుకున్నారు.

"అయితే ఆగుదాం" అన్నారు.